నా విలువ ఒక్క అంకె

నేను విండోస్ సర్వర్ రిజిస్ట్రీలో, అంటే దాని సెట్టింగులుండే చోట, ఓ మూల ఉండే అంకెను. పేరు షాడో. సున్నా నుంచి నాలుగు దాకా ఏదో ఒకటిగా ఉండటమే నా ఉద్యోగం. నేను సున్నా అయితే ఎవరి సెషన్‌లోకీ ఎవరూ తొంగిచూడలేరు. ఒకటైతే, యూజర్ సరేనంటే అడ్మిన్ వచ్చి మౌస్ కూడా పట్టుకోవచ్చు. రెండైతే ఆ సరే అక్కర్లేదు. మూడు, నాలుగు ఉత్త చూపులకే. మూడుకు అనుమతి కావాలి, నాలుగుకు అదీ వద్దు.

2003 సర్వర్ కాలంలో ఒక్కో యూజర్ ప్రాపర్టీస్‌లో రిమోట్ కంట్రోల్ అని ట్యాబే ఉండేది. 2012 సర్వర్‌లో మైక్రోసాఫ్ట్ ఇలా తొంగిచూసే సదుపాయాన్నే ఎత్తేసింది. అడ్మిన్లు ఊరుకుంటారా? 2012 ఆర్2లో మళ్లీ తెచ్చింది.

నేనుండేది విజయవాడలో ఒక ఆడిటర్ గారి ఆఫీసు సర్వర్‌లో. గుమస్తాలందరూ రిమోట్ డెస్క్‌టాప్‌లో ఇక్కడికొచ్చే ట్యాలీ నడుపుతారు. నెలలో 20వ తేదీ దగ్గరపడిందంటే, జీఎస్టీ రిటర్నుల గడువు కదా, ఫోన్లు ఆగవు. "బాబూ, వోచర్ సేవ్ అవడం లేదయ్యా, కాస్త చూడు" అని చెప్పి అకౌంటెంట్ మేడమ్ గారు టీకి వెళ్లిపోతారు. సిస్టమ్స్ కుర్రాడు క్వెరీ సెషన్ కొట్టి, ఆవిడ సెషన్ నంబరు చూసుకుని షాడో కమాండ్ ఇస్తాడు. నేను ఒకటిని కాబట్టి ఆవిడ తెర మీద అనుమతి అడిగే పెట్టె లేస్తుంది. నొక్కేవాళ్లేరీ?

విసుగొచ్చి ఒకరోజు గ్రూప్ పాలసీలో నన్ను రెండు చేశాడు. కమాండ్ చివర నో కన్సెంట్ ప్రాంప్ట్ అని తగిలిస్తే చాలు, నేరుగా లోపలికే. పనులు చకచకా సాగాయి, కాదనను. ఓ మధ్యాహ్నం మేడమ్ గారు సొంత బ్యాంకు ఖాతా చూసుకుంటుంటే మౌస్ బాణం దానంతటదే కదిలింది. "అమ్మో, వైరస్!" అని కేక. ఆ బాణం కదిలింది కాబట్టి తెలిసింది. కదపకుండా చూస్తే, ఎవరో చూస్తున్నారని చెప్పే గుర్తేదీ ఆ తెర మీద ఉండదు. అలా చూసిన సందర్భాలు నాకూ ఆ కుర్రాడికీ మాత్రమే ఎరుక.

ఆడిటర్ గారు కుర్రాడిని గదిలోకి పిలిచారు. "పార్టీల లెక్కలన్నీ మన దగ్గరుంటాయయ్యా. అడగకుండా చూసే అలవాటు మనకొద్దు." అంతే, నేను మళ్లీ ఒకటినయ్యాను. ఇప్పుడు ఎవరైనా ఆ పాత తోక తగిలించి కమాండ్ ఇస్తే, యూజర్ అనుమతి తప్పనిసరని సర్వరే తిప్పికొడుతుంది. గ్రూప్ పాలసీలో నన్ను యూజర్ వైపూ కంప్యూటర్ వైపూ పెట్టొచ్చు. రెంటికీ పేచీ వస్తే కంప్యూటర్ మాటే నెగ్గుతుంది. అందుకే కుర్రాడు అక్కడే రాశాడు.

అసలు నన్నెవరూ ముట్టుకోకుండా వదిలేసినా సర్వర్ అనుమతి అడిగే పంపుతుంది. నేను రెండో నాలుగో అయ్యానంటే ఎవరో పనిగట్టుకుని మార్చినట్టే. మీ ఆఫీసులో నా అంకె ఎంతో మీ సిస్టమ్స్ వాళ్లను ఓసారి అడగండి.