టాప్ 5 శాతం మాస్టారు

మన ఇంజనీరింగ్ కాలేజీల్లో కెమికల్ ప్రొఫెసర్లది ఒక ప్రత్యేకమైన తెగ. అందులో ఈ మాస్టారు మరీ ప్రత్యేకం. దేన్ని దేన్నించి వేరుచెయ్యాలో చెప్పడమే ఆయన ఉద్యోగం. కాగితం మీంచి పెన్ను తియ్యకుండా డిస్టిలేషన్ లెక్కకి మెకేబ్-థీల్ మెట్లు గీసెయ్యగలరు.

పరిశోధనా ఆ దారిలోదే. వేరుశనగ పొట్టు, చింతగింజలు, వేపాకు, కొబ్బరి చిప్ప, వంటింట్లోంచి చెత్తబుట్టకు పోయే ఏ సరుకూ ఆయన కళ్లుగప్పి పోలేదు. ఎండబెట్టి, పొడికొట్టి, జల్లెడపట్టి, క్రోమియం కలిపిన నీళ్లలో వేసి షేకర్ మీద ఊపిస్తారు. పొడి ఎంత క్రోమియం పట్టిందో లెక్కగట్టి, 1918 నాటి లాంగ్‌మ్యూర్ సమీకరణంలో కూర్చోబెడతారు. కూర్చుంటే ఒక పేపరు. కూర్చోకపోతే ఫ్రాయిండ్లిష్ సమీకరణం ఉండనే ఉంది, అదింకో పేపరు. ఇంట్లో ఆవిడ చిక్కుడుకాయలు ఒలుస్తుంటే "ఆ ఈనెలు పారెయ్యకు" అంటారు. "అయితే మీ పీహెచ్‌డీ కుర్రాణ్ణి రమ్మనండి, వాడే ఒలుచుకుంటాడు" అంటుందావిడ.

నవంబరు వచ్చిందంటే ఆయన గది ముందు పిల్లలు బారులు తీరతారు. అమెరికాలో పీహెచ్‌డీ దరఖాస్తులకు చాలాచోట్ల డిసెంబరే గడువు. జీఆర్‌ఈ అక్కర్లేదనే డిపార్ట్‌మెంట్లు ఇప్పుడు బోలెడు. మూడు రికమెండేషన్ లెటర్లు మాత్రం అడుగుతూనే ఉన్నారు.

"సార్, ఎల్‌ఓఆర్..."

"నువ్వే రాసి పట్రా బాబూ. నీ సంగతి నాకంటే నీకే బాగా తెలుసు."

బాబు సీనియర్ దగ్గర సంపాదించిన లెటర్లో పేరు మార్చి తెస్తాడు. 'నా ఇన్నేళ్ల సర్వీసులో ఇలాంటి విద్యార్థిని చూడలేదు' అని ఉంటుంది. వాడు క్లాసుకి వచ్చిన పాపాన పోలేదు గనక ఆ మాటలో వీసమెత్తు అబద్ధం లేదు. మాస్టారు నిశ్చింతగా సంతకం పెట్టేస్తారు.

అసలు చిక్కు యూనివర్సిటీ పంపే లింకుతో వస్తుంది. కుర్రాడు క్లాసులో టాప్ 5 శాతమా, 10 శాతమా, 25 శాతమా అని ఆ ఫారం నిలదీస్తుంది. మాస్టారు కళ్లద్దాలు పైకి తోసుకుని, మొదటి గడిలో టిక్కు పెట్టి, టీ తాగుతారు. 60 మంది క్లాసులో 5 శాతమంటే ముగ్గురే. మాస్టారి హయాంలో అక్కడ ఇరవైమంది సుఖంగా సర్దుకున్నారు.

పక్కగది ప్రొఫెసరు గారు ఉండబట్టలేక ఓ రోజు అడిగేశారు. "ఏవండీ, మామూలు డిస్టిలేషన్‌లో ఆల్కహాలు ఎంత కాచినా బరువులో 95.6 శాతం దాటదని మీరే కదా చెబుతారు? మరి మీ పిల్లలందరూ 95 ఎలా దాటేస్తున్నారు?"

మాస్టారు కప్పు కిందపెట్టారు.

"ఆల్కహాల్ని ఎక్కడ ఆపినా దాని తరఫున అడిగేవాళ్లెవరూ లేరండీ. పిల్లాణ్ణి ఆపితే వాళ్ల నాన్నొస్తాడు."