బంగారు రైలును కనిపెట్టడం ఎలా?

నాజీలు దాచిన బంగారం తవ్వి తీయాలని ఉందా? పోలండ్‌లోని వావ్‌బ్జిఖ్ పట్టణం నేర్పిన ఈ పాఠాలు తు.చ. తప్పకుండా పాటించండి.

1. కాగితాలున్న కథ జోలికి పోకండి. 1945లో బ్రెస్లౌ నగరం నుంచి బంగారంతో బయల్దేరిన రైలు వావ్‌బ్జిఖ్ దగ్గర సొరంగంలో మాయమైందంటారు. అలాంటి రైలు ఉన్నట్టు ఒక్క పత్రమూ లేదు. ఇంకేం కావాలి? పత్రమే దొరకలేదంటే ఎంత రహస్యమో చూడండి!

2. సాక్షి చనిపోయినవాడైతే మేలు. ఈ రైలు సంగతి ఒకాయన మరణశయ్య మీద చెప్పాడన్నారు. ఆయనకు ఇక ఎదురు ప్రశ్న వేసేదెవరు?

3. కథలో కాస్త నిజం కలపండి. ఆ చుట్టుపక్కల కొండల్లో ‘రీజె’ పథకం కింద నాజీలు ఖైదీల చేత తవ్వించిన సొరంగాలు నిజంగానే ఉన్నాయి. సొరంగం ఉంది కాబట్టి రైలుంది, రైలుంది కాబట్టి బంగారముంది. తవ్వుతూ చచ్చిపోయిన ఖైదీల ఊసు మాత్రం ఎత్తకండి, సరదా చెడుతుంది.

4. వాటా ముందే తేల్చుకోండి. 2015 ఆగస్టులో రైలు కనిపెట్టామన్న ఇద్దరు చోటు చెప్పకముందే లాయరు ద్వారా 10 శాతం అడిగారు.

5. రాడార్ బొమ్మ చూపించండి. మసగ్గా ఉంటే మరీ మంచిది. బొమ్మ చూసిన పోలండ్ సాంస్కృతిక శాఖ ఉపమంత్రి, రైలు ఉందని 99 శాతానికి పైగా నమ్మకం కుదిరిందన్నారు. డిసెంబరులో క్రాకోవ్ శాస్త్రవేత్తలు కొలతలు తీసి, రైలు లేదన్నారు. చదువుకున్నవాళ్ల మాటలు అలాగే ఉంటాయి, మీరు తవ్వండి.

6. ఏమీ దొరక్కపోతే కుంగిపోకండి. 2016 ఆగస్టులో తవ్వితే రైలు లేదు, పట్టాలు లేవు, సొరంగం కూడా లేదు. కొండను తవ్వినా ఎలుకైనా చిక్కలేదు. అయితేనేం, ఊరి పేరు ప్రపంచమంతా మోగింది, పర్యాటకులు వచ్చారు. “కాస్త పక్కన తవ్వాల్సింది” అనేస్తే కథకు మళ్లీ ఆయుష్షు.

7. మెర్కర్స్ గని పేరు ఎవరి దగ్గరా ఎత్తకండి. 1945 ఏప్రిల్‌లో జర్మనీలోని ఆ గనిలో అమెరికా సైన్యానికి జర్మన్ కేంద్ర బ్యాంకు దాచిన 8 వేలకు పైగా బంగారు కడ్డీలు దొరికాయి. అక్కడే ఆ బ్యాంకు ఉద్యోగులూ దొరికారు. కడ్డీలను లెక్కపెట్టి, లారీలకెక్కించి ఫ్రాంక్‌ఫర్ట్ తీసుకుపోయారు. అసలు నిధికి యజమాని, లెక్క, సాక్షి అన్నీ ఉంటాయని జనానికి తెలిస్తే మన వ్యాపారం ఏం కాను?

కాబట్టి, “సరుకు జాబితా ఏదీ?” అని అడిగేవాణ్ని పొరపాటున కూడా మీ బృందంలో చేర్చుకోకండి.