ఫర్నేస్ మీద పడుకున్న అమ్మమ్మ

మా ఇంట్లో గడియారం కన్నా షిఫ్టుకే విలువ ఎక్కువ. నాన్నకి రాత్రంతా పనుండే సీ షిఫ్టు పడిందంటే పగలల్లా మేం ఊపిరి కూడా చెప్పులు విప్పి పీల్చుకోవాలి. పొద్దున్నే వెళ్లే 'ఏ' షిఫ్టు అయితే రాత్రి ఎనిమిదికే లైట్లు బంద్. బీ షిఫ్టు వారం మాత్రం మాకు పండగ. రెండింటి నుంచి పది దాకా నాన్న భిలాయ్ ఉక్కు కర్మాగారంలో, మేం వీధిలో.

నేను ఎనిమిదో తరగతి చదివిన 1988-89లో మా ఆడపిల్లల బడికి ప్రపంచ జ్ఞానం పట్టుకుంది. అసెంబ్లీలో పెద్ద టీచరుగారు మైకు పట్టుకుని, ఈ సంవత్సరం మీరంతా ప్రపంచ పౌరులు కావాలి అన్నారు. వరసలో మా వెనక నిలబడ్డ పంజాబీ పిల్ల "ఫీజు ఎంతట?" అని అడిగింది.

ఆ మాటకొస్తే ప్రపంచం మా టిఫిన్ డబ్బాల్లో అప్పటికే ఉంది. ఒక బెంచీ మీద బెంగాలీ, ఒరియా, మలయాళీ, పంజాబీ, తెలుగు. కాకపోతే నాగపూర్‌కి దిగువన పుట్టిన ప్రతివాళ్లూ మిగతావాళ్ల లెక్కలో మద్రాసీలే. మాది శ్రీకాకుళం జిల్లా, మద్రాసు మేం చూడనైనా చూడలేదు అని నేనూ, తనది త్రిచూర్ అని మలయాళీ పిల్లా ఎంత మొత్తుకున్నా వినేవాళ్లు లేరు. చివరికి ఇద్దరం రాజీపడి, ఎవరైనా "ఏ మద్రాసీ!" అని పిలిస్తే చెరో రోజు పలికేవాళ్లం.

నా పరువంతా గోంగూర మీద నిలబడి ఉండేది. "ఇది ఆంధ్రాలో తప్ప భూమ్మీద ఎక్కడా దొరకదు" అని చెప్పి, వేలి చివర అంటించి ఒక్కొక్కరికీ ప్రసాదంలా పెట్టేదాన్ని. ఒకరోజు పక్క పల్లె నుంచి సైకిలు మీద వచ్చే ఛత్తీస్‌గఢీ పిల్ల నాలిక మీద వేసుకుని చప్పరించి, "ఏ తో అమారీ భాజీ ఆయ్!" అంది. వాళ్ల పెరట్లో, పశువుల కొట్టం పక్కన, ఎవరూ నాటకుండానే మొలుస్తుందట. మర్నాడు గుడ్డ సంచినిండా తెచ్చిచ్చింది. అమ్మ ఆకు తుంచి వాసన చూసి, "ఓలమ్మో, గోంగూరే!" అని ఆనందపడింది గానీ, నాకు మాత్రం రాజ్యం పోయినట్టయింది. తర్వాత బయటపడింది ఇంకొక సంగతి. వేసవిలో పొద్దున్నే చద్దన్నం, ఉల్లిపాయ తిని వస్తానని నేను ఎవరికీ చెప్పేదాన్ని కాదు. ఆ పిల్లా అదే తిని వచ్చేది, అదీ ఎవరికీ చెప్పేది కాదు. వాళ్లింట్లో దాని పేరు బోరే బాసీ. పేరు వేరు గానీ సిగ్గు ఒక్కటే.

ప్రపంచ పౌరసత్వంలో మొదటి మెట్టుగా మాకు భిన్నత్వంలో ఏకత్వం కార్యక్రమం పెట్టారు. ఒక్కొక్కరూ వాళ్ల రాష్ట్రం వేషం కట్టాలి. అమ్మ పెళ్లినాటి పట్టుచీర నాకు మూడు చుట్లు ఎక్కువే చుట్టారు. ఆంధ్రా నాట్యం చెయ్యమన్నారు. నాకు తెలిసిన ఆంధ్రా అంటే ఏడాదికోసారి విజయనగరం దాకా రైలూ, అక్కణ్ణుంచి బస్సూ, మా పెద్దమ్మ ఇల్లూ. అక్కడ పెళ్లిలో చూసిన కోలాటం గుర్తొచ్చి అదే ఆడాను. ఎదుట ఎవరూ లేకుండా ఒంటరిగా కోలాటం ఆడిన ఘనత తెలుగుజాతిలో బహుశా నాదొక్కదానిదే. ఇంతా చేసి, వేసవి సెలవుల్లో ఊరెళితే పెద్దమ్మగారి వీధిలో పిల్లలు "హిందీ పిల్లొచ్చిందిరో" అని చుట్టూ మూగారు. ఛత్తీస్‌గఢీ పిల్ల తంటా ఇంకోరకం. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం రావడానికి ఇంకా పన్నెండేళ్లుంది. మధ్యప్రదేశ్ వేషం కట్టమన్నారు. సొంత ఊళ్లో ఆ పిల్ల ఒక్కతే అద్దె బట్టల్లో తిరిగింది.

జనరల్ నాలెడ్జి క్లాసులో ప్రపంచ ప్రసిద్ధుల పట్టిక బట్టీ పట్టించారు. దేశదేశాలు తిరిగి మహాభారత కథల పండవానీ పాడిన తీజన్ బాయి అందులో లేదు. గనియారి అనే ఊరు మాకు దగ్గర్లోనే, ఆవిడది ఆ ఊరే. ఉద్యోగం మా ప్లాంటులోనే. టీవీలో శ్యామ్ బెనెగల్ 'భారత్ ఏక్ ఖోజ్'లో ఆవిడ తంబూరా ఎత్తి భీముడి గదలా ఆడిస్తుంటే అమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "మన బుర్రకథే కదే!" అంది. అంది గానీ కూర మాడింది.

అసలు కథ ఉత్తరాలది. ఆ నవంబరులో గోర్బచేవ్ ఢిల్లీ వచ్చాడు. మా టీచరుకి ఉత్సాహం వచ్చింది. భిలాయ్‌కీ రష్యాకీ చుట్టరికం పాతదే. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం, 1959 ఫిబ్రవరి 4న రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా మొదటి బ్లాస్ట్ ఫర్నేస్. సొంత పుట్టినరోజు తప్పు చెప్పినా ఈ రెండు తేదీలు తప్పు చెబితే మాకు బెంచీ మీద నిలబడటమే. కాబట్టి సోవియట్ అమ్మాయిలకు కలం స్నేహం ఉత్తరాలు రాయాలన్నారు. టీచరు ఇంగ్లీషులో చెప్పారు, నలభై రెండు మందిమీ రాశాం. నలభై రెండు మందీ క్షేమం. నలభై రెండు మందికీ హాబీ స్టాంపుల సేకరణ. మాలో ఎవరి దగ్గరా ఒక్క స్టాంపు లేదు.

జవాబు ఒక్కటే వచ్చింది, అదీ నాకు. మొత్తం రష్యన్‌లో.

చదివేవాళ్లు కావాలి. మా పక్క క్వార్టర్లో ఫోర్‌మన్ మావయ్యగారు సోవియట్ యూనియన్‌లో ఆరు నెలలు ట్రైనింగ్ అయి వచ్చారు. ఆ ఆర్నెల్ల గురించి ఆయన ఇరవై ఏళ్లుగా చెబుతున్నారు. వీధి వీధంతా వాళ్ల వరండాలో కూర్చుంది. ఆయన లుంగీ సర్దుకుని, కళ్లద్దాలు లుంగీ అంచుతోనే తుడుచుకుని, కవరు మీది స్టాంపు నుంచి మొదలుపెట్టారు. మొదటి పేజీ అంతా "ఖరషో, ఖరషో" అంటూ తలాడించారు.

"అంటే ఏంటి మావయ్యగారూ?"

"బాగుందని."

"ఏం బాగుందట?"

"అన్నీ బాగున్నాయటమ్మా. నువ్వు మధ్యలో అడ్డురాకు."

రెండో పేజీలో 'పేచ్' అన్న మాట దగ్గర పేచీ వచ్చింది. ఆయన మొహం వెలిగిపోయింది. "పేచ్ అంటే ఫర్నేస్! దోమెన్నయా పేచ్ అంటే బ్లాస్ట్ ఫర్నేస్. రోజూ చూసేదేగా! బాబుష్కా అంటే అమ్మమ్మ. ఇదిగో, ఈ మాటకి అర్థం నిద్రపోవడం. నైట్ షిఫ్టులో రష్యన్ ఇంజనీర్లు నన్ను 'నె స్పీ, నె స్పీ' అని లేపేవాళ్లు, అందుకే గుర్తుంది." కాసేపు కూడబలుక్కుని ప్రకటించారు: "చలికాలంలో వాళ్ల అమ్మమ్మ ఫర్నేస్ మీద పడుకుంటుందట."

వరండా నిశ్శబ్దమైపోయింది. మా నాన్న పనిచేసేది ఫర్నేస్ దగ్గరే. అందులోంచి ఇనుము ఎంత వేడిగా దిగుతుందో ఆయనకు తెలుసు, దాదాపు 1500 డిగ్రీలు. ఒకసారి వెలిగిస్తే ఏళ్ల తరబడి ఆర్పరు.

"ఎంత కెపాసిటీ ఉంటుందంటారు?" అన్నారు నాన్న చివరికి.

"ఇంటి వాడకానికే కదా, చిన్నదే ఉంటుంది," అన్నారు మావయ్యగారు. "సోషలిజం కదండీ. ఇంటింటికీ ఇచ్చుంటారు."

అమ్మకి మాత్రం ఆ ముసలావిడ మీద జాలి కలిగింది. "ఈ వయసులో ఆవిడికి డ్యూటీ ఏటండీ, కొడుకులు లేరా?" అంది. మర్నాడు క్లాసులో అందరం కూర్చుని జవాబు రాశాం. మీ అమ్మమ్మగారి ఫర్నేస్ రోజుకి ఎన్ని టన్నులు తీస్తుంది? ఆవిడకి ఏ షిఫ్టు? ఖనిజం ఎక్కణ్ణుంచి వస్తుంది, మాకైతే దల్లీ రాజహరా నుంచి వస్తుంది. టీచరు దిద్ది, కింద స్టాంపుల హాబీ మళ్లీ చేర్పించారు. ఆ తర్వాత అటునుంచి ఉత్తరం రాలేదు.

చాలా ఏళ్లకి హైదరాబాదు కోఠీలో పాత పుస్తకాల బండి మీద రష్యన్ జానపద కథల పుస్తకం దొరికింది. యెమెల్యా అనే సోమరిపోతు, సున్నం కొట్టిన పెద్ద ఇటుకల పొయ్యి మీద పడుకుని, కిందికి దిగే ఓపిక లేక, ఆ పొయ్యితో సహా రాజుగారి కోటకి వెళుతున్నాడు. పల్లెల్లో వంటకీ, చలికీ, పడకకీ అదేనట. వాళ్ల భాషలో దాన్నీ పేచ్ అనే అంటారు. అక్కడే ఫుట్‌పాత్ మీద నిలబడి, విశాఖపట్నంలో రిటైరై ఉన్న మావయ్యగారికి ఫోన్ చేసి అంతా చెప్పాను.

ఆయన ఒక్క క్షణం ఆలోచించలేదు.

"చూశావా? పడుకుంటారని నేను ఆనాడే చెప్పలా!"