తొమ్మిది దాటితే దుప్పిదే రోడ్డు

నల్లమలలో పులిని చూసినవాళ్లు తక్కువ, చూశామని చెప్పేవాళ్లు ఎక్కువ. మా ఆదివారం అడవి బ్యాచ్‌లో మాత్రం పులి ఊసెత్తితే పరువు పోతుంది. ఇక్కడ హోదా రావాలంటే జంతువు చేతిలో పరాభవం జరిగి ఉండాలి. ఎవరి బండిని ఏది గుద్దింది, ఎవరి పులిహోర డబ్బాను ఏది ఎత్తుకుపోయింది, ఎవరు ఎలుగుబంటిని చూసి సీతాఫలం చెట్టెక్కారు అన్నదాన్ని బట్టే పదవులు. చెట్టెక్కినాయనే ప్రస్తుతం మా అధ్యక్షుడు. ఎలుగు మనకంటే బాగా చెట్లెక్కుతుందనీ, సీతాఫలాలంటే పడి చస్తుందనీ ఆయనకు కిందికి దిగాక చెప్పాం.

ఈసారి కొలువు డిండి దగ్గర చాయ్ బండి ముందు కూడింది. నల్లగొండలో రిటైరైన లెక్కల సారు, అచ్చంపేట పక్క పల్లెలో పల్లి వేసే కాక, సౌదీలో ట్రక్కు నడిపి తిరిగొచ్చిన అన్న వచ్చారు. సెలవులకు దిగిన డాలస్ బావ, పెర్త్ తమ్ముడు ముఖ్య అతిథులు. విదేశాల నుంచి వచ్చినవాళ్లకు మొదటి గంట మాట్లాడే హక్కు ఉంటుంది. ఆ తర్వాత వాళ్లు వినాలి.

బావ హైదరాబాద్ నుంచి కారు తనే నడుపుకుంటూ వచ్చాడు. దారి పొడవునా ప్రతి మలుపులో వైపర్లు వేశాడు. అమెరికాలో ఇండికేటర్ ఎడమచేతి కింద ఉంటుంది, మన కార్లలో చాలావాటికి కుడిచేతి కింద. పాలమూరు ఎండలో వైపర్లు ఆడుతుంటే వెనక లారీ డ్రైవర్‌కు ఏమర్థమైందో గానీ, భక్తిగా పక్కకు జరిగి దారిచ్చాడట.

“అక్కడ హారన్ కొడితే తిట్టినట్టే సారూ” అన్నాడు బావ.

“ఇక్కడ కొట్టకపోతే తిట్టినట్టు. లారీ వెనక రాసి మరీ బతిమాలుతరు గద” అన్నాడు సారు.

హెడ్‌లైట్ల దగ్గర తేడా ఇంకా ముదిరింది. అక్కడ ఎదుటివాడు లైటు కొట్టాడంటే చాలాసార్లు “మీరు పదండి” అని. ఇక్కడ “నేనొస్తున్న, తప్పుకో” అని. కల్వకుర్తి దాటాక ఇరుకు కల్వర్టు దగ్గర ఎదురుగా డీసీఎం లైటు కొట్టింది. ఎంత మర్యాదస్తుడో అనుకుని బావ చెయ్యూపి ముందుకు పోయాడు. డీసీఎం కూడా ముందుకే వచ్చింది. పక్క అద్దం ఒక్కటే పోయింది. మా నియమావళిలో డీసీఎంను జంతువుగా లెక్కించే వీలు లేదు గనక బావకు పదవి దక్కలేదు.

అందుకని టెక్సాస్ పందులను దింపాడు. అక్కడ 130 నంబరు టోల్ రోడ్డులో కొత్త భాగాన్ని 2012లో తెరిచారు. గంటకు 85 మైళ్లు, అంటే 137 కిలోమీటర్ల వేగానికి అనుమతి. ఆ దేశంలో అంతకుమించిన పరిమితి లేదు. ఇంజనీర్లు అన్నీ లెక్కేశారు గానీ పందులను సంప్రదించలేదు. తెరిచిన రోజు రాత్రే అడవిపందులు రోడ్డెక్కాయి, కార్లు ఒకదాని తర్వాత ఒకటి వాటిని గుద్దాయి. అక్కడ పందుల మీద కసి ఎంతటిదంటే హెలికాప్టర్‌లోంచి కాల్చడానికి 2011లో చట్టం తెచ్చారు. చాలలేదని 2017లో గాలి బెలూన్లకూ అనుమతిచ్చారు.

కాక చాయ్ గ్లాసు కింద పెట్టాడు. “హెలికాప్టరా బిడ్డా? మా ఊరికి పొద్దుగూకినంక బస్సే రాదు.”

ఆయన పద్ధతులు వేరు. ఇంట్లో ఉన్న పాత చీరలన్నీ చేను చుట్టూ కట్టాడు. దూరం నుంచి చూస్తే పెళ్లి పందిరి వేసినట్టే ఉంటుంది. పందులకూ అలాగే తోచిందేమో, బంధువులతో సహా వచ్చాయి. తర్వాత బ్యాటరీ మైకు కొని తన గొంతే రికార్డు చేసి పెట్టాడు. “ఏయ్... ఉష్... పో...” అని రాత్రంతా అదే అరుపు. కొన్నాళ్లు పందులు బెదిరాయి. ఇప్పుడు వింటూ మేస్తున్నాయి. “పందులకు అలవాటైంది బిడ్డా, మీ కాకికే నిద్ర పడ్తలేదు. ఇంట్ల ఒక్కడు సాలడా, చేన్ల ఇంకోడెందుకంటది.”

బావ చివరి అస్త్రంగా జింకలను తీశాడు. అమెరికాలో ఏటా పది లక్షలకు పైగా బండ్లు వాటిని గుద్దుతాయి, బీమా వాళ్లకు అదో పెద్ద ఖాతా. వాషింగ్టన్ రాష్ట్రంలో 2016 నుంచి అలా చచ్చిన జింకను పర్మిట్ తీసుకుని ఇంటికి పట్టుకెళ్లి వండుకోవచ్చు కూడా.

“గుద్దినోడే తింటడా!” కాకకు నోట మాట రాలేదు. సారు వెంటనే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తీశాడు. ఇక్కడ బండి కింద పడ్డ దుప్పినో నెమలినో పొయ్యి మీదికెక్కిస్తే ఎక్కాల్సింది కోర్టు మెట్లే. బావ దేశంలో జింకను గుద్దితే ఫోన్ బీమా కంపెనీకి పోతుంది. ఇక్కడ నెమలిని గుద్దినవాడు ముందు అటూ ఇటూ చూస్తాడు, తర్వాత బండి నంబరు ప్లేటు చూసుకుంటాడు, ఆ తర్వాత కనపడడు.

సౌదీ అన్న మితభాషి. ఒంటె గురించి రెండే మాటలు చెప్పాడు. “కాళ్లకు తాకుతది. మీద పడ్తది.” కారు బానెట్ ఒంటె కాళ్ల ఎత్తులో ఉంటుంది, దాని బరువంతా అద్దం ఎత్తులో. అందుకే అక్కడి హైవేల పక్కన ఒంటె బొమ్మ బోర్డులు. స్వీడన్‌లో మూస్ అనే భారీ దుప్పితో ఇదే గండం. ఉన్నట్టుండి అది అడ్డొస్తే కారు పక్కకు తప్పుకుని మళ్లీ దారిలోకి రాగలదా అని అక్కడ పరీక్షిస్తారు. 1997లో ఓ స్వీడిష్ పత్రిక ఆ పరీక్ష పెడితే కొత్త మెర్సిడెస్ ఏ క్లాస్ బోర్లా పడింది. కంపెనీ బండ్లను వెనక్కి పిలిచి, జారకుండా పట్టే ఎలక్ట్రానిక్ వ్యవస్థ బిగించి ఇచ్చింది.

ఇదంతా విన్నాక సారుకు దేశభక్తి పొంగింది. మనకూ ఒక బర్రె టెస్ట్ కావాలన్నాడు. స్థలం కూడా ఆయనే ఖాయం చేశాడు. యాసంగి కోతలప్పుడు నల్లగొండ జిల్లాలో ఏ పల్లె రోడ్డయినా సరే. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. వాటికి కాపలాగా అంచు పొడవునా బండరాళ్లు, రాళ్ల మీద నల్ల టార్పాలిన్. మిగిలిన సగంలో వెనక లైటు లేని ట్రాక్టర్. దాని ఎదురుగా రాంగ్ రూట్‌లో బైకు, బైకు మీద ముగ్గురు. అప్పుడు పక్క పొలంలోంచి బర్రె రోడ్డెక్కి మధ్యలో ఆగి ఆలోచిస్తుంది. “ఈ పరీక్ష నెగ్గిన కారుకు మూస్ ఒక లెక్కనా?” అని సారు ప్రశ్న. జర్మనీ వాళ్లకు జాబు రాద్దామని తీర్మానం కూడా అయింది. రైతుకు కల్లం కట్టిస్తే చాలు కదా అని కాక గొణిగింది మాత్రం మినిట్స్‌లోకి ఎక్కలేదు.

పెర్త్ తమ్ముడి వంతు చివర్న వచ్చింది. ఆస్ట్రేలియాలో మనలాగే ఎడమవైపు నడపాలి గనక గొప్పలకు అవకాశం తక్కువ. కంగారూలు మసక చీకట్లో రోడ్డెక్కుతాయి. బండి ముందు ఇనుప కమ్ములు బిగించుకుంటారు. చచ్చిన కంగారూ కనపడితే, దాని సంచిలో పిల్ల బతికుందేమో చూడమని డ్రైవర్లకు చెబుతారు. మాటల మధ్య ఇంకోటి చెప్పాడు. ఊళ్లకు దూరంగా పోవడానికి కారు అద్దెకిచ్చేటప్పుడు, పొద్దుగూకాక నడపకూడదని చాలా కంపెనీలు కాగితం రాయించుకుంటాయట. తమ్ముడు మారుమాట లేకుండా సంతకం పెడతాడట. “అక్కడ రూలంటే రూలే అన్నా.”

కాక నవ్వాడు. “మరి నిన్న రాత్రి మన్ననూర్ గేటు కాడ లొల్లి చేసిందెవరు?”

చాయ్ బండి దగ్గర కాసేపు ఎవరూ కిక్కురుమనలేదు. హైదరాబాద్–శ్రీశైలం రోడ్డు అమ్రాబాద్ పులుల అభయారణ్యం నడుమ నుంచి పోతుంది. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా ఇటు మన్ననూర్‌లో, అటు దోమలపెంటలో గేట్లు వేస్తారు. పెర్త్‌లో సూర్యాస్తమయానికి తాళాలు అప్పజెప్పే పౌరుడు మన్ననూర్‌లో తొమ్మిదీ పదికి కిటికీ దించి, తనెవరో తెలుసా అని అడిగాడు. డాలస్‌లో స్కూలు బస్సు ఆగితే ఊపిరి బిగబట్టి ఆగే బావ పక్క సీట్లోంచి ఎవరో పీఏకు ఫోన్ కలిపాడు. దర్శనం టికెట్ చూపించారు, వీసా చూపించారు, ముసలమ్మ బీపీ చూపించారు. గేటు కాడ బీట్ ఆఫీసర్ అన్నీ ఓపికగా చూసి “పొద్దుగాల ఆరింటికి, సార్” అన్నాడు. పాత పాలమూరు జిల్లా మొత్తంలో పైరవీకి లొంగని వస్తువేదంటే నేను ఆ గేటు కర్రనే చూపిస్తాను. ఇద్దరూ ఆ రాత్రి కార్లోనే పడుకున్నారు. దోమలు కుట్టాయి. పదవి ఇవ్వడానికి దోమ సరిపోతుందా అన్నది కమిటీ పరిశీలనలో ఉంది.

అడవి మీదుగా ఎత్తులో వంతెన కట్టి గేటు గొడవే లేకుండా చేద్దామన్న ప్రతిపాదన నడుస్తోంది. పిల్లర్లకు ఎన్ని చెట్లు పోతాయో, ఎన్నేళ్లు బుల్డోజర్లు తిరుగుతాయో దుప్పులు అడగవు. వంతెన మీదికి కోతులు మాత్రం మనకంటే ముందే ఎక్కుతాయి. కార్లోంచి అరటిపండు ఎక్కడ పడుతుందో వాటికి మనమే నేర్పాం. పండు విసిరినవాడు పుణ్యం మూటగట్టుకుని శ్రీశైలం పోతాడు, దానికోసం ఉరికిన కోతి వెనకొచ్చే బండి కింద పడుతుంది.

కాబట్టి శ్రీశైలం పోయే బంధుమిత్రులకు మనవి. మధ్యాహ్నం భోంచేయగానే బయల్దేరండి, తొమ్మిదికి ఎంతో ముందే గేటు దాటతారు. ఆలస్యమైతే అచ్చంపేటలో ఆగి పడుకోండి. అరటిపండ్లు మీరే తినండి, తొక్కలు ఇంటికి తెచ్చుకోండి. పీఏకు మాత్రం ఫోన్ చేయకండి, ఆయన కూడా పోయినవారం అదే గేటు దగ్గర ఆగాడట.