కట్ సెక్షన్

నన్ను కోసి పదేళ్లు దాటింది. హైదరాబాద్ శివార్లలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో, ఆటోమొబైల్ ల్యాబ్ మూలన, ఇనుప స్టాండు మీద ఉంటాను. ఒక పక్కంతా గ్రైండరుతో కోసి తీసేశారు. నీళ్లు పారిన దారులకు ఆకుపచ్చ, ఆయిలు దారికి పసుపు, గాలి వచ్చే దారికి నీలం, పొగ పోయే దారికి ఎరుపు పూశారు. ముందు ఒక హ్యాండిలు బిగించారు. తిప్పితే నాలుగు పిస్టన్లూ లేచి దిగుతాయి, వాల్వులు తెరుచుకుని మూసుకుంటాయి. డీజిలు లేదు, మంట లేదు, చప్పుడు లేదు. బతికున్న రోజుల్లో ఒక్క మెకానిక్కూ నన్నింత తీరుబడిగా చూడలేదు.

నా పేరు ఎక్స్‌డీపీ 4.90. జాతకమంతా పేరులోనే ఉంది. సిలిండర్లు నాలుగు, ఒక్కోదాని బోరు 90 మిల్లీమీటర్లు. మొత్తం కలిపితే 2112 సీసీ. డిజైను ఫ్రాన్సు పెజో వాళ్లది, తయారీ మహీంద్రా వాళ్లది. నేను పుట్టింది సహ్యాద్రి కొండల్లో, ఇగత్‌పురిలో. పుట్టుకా ఘాటులోనే, చాకిరీ కూడా ఘాటులోనే రాసిపెట్టి ఉంది. 1995లో కమాండర్ జీపులో కూర్చుని జైనూర్ చేరాను.

అప్పటికది ఆదిలాబాద్ జిల్లా. ఆసిఫాబాద్ కుమురం భీం పేరుతో వేరే జిల్లా అయింది 2016లో, నేను స్టాండెక్కాక. పొద్దున ఉట్నూరు వైపు ఒక ట్రిప్పు, ఎండెక్కాక కెరమెరి ఘాటు దిగి ఆసిఫాబాద్‌కు ఇంకో ట్రిప్పు. ఆర్సీలో రాసినదానికి రెట్టింపు మంది ఎక్కేవారు. లోపల నిండితే వెనక ఫుట్‌బోర్డు మీద, అదీ నిండితే టాపు మీద. పత్తి బేళ్లు, జొన్న సంచులు, మేకపిల్లలు, పురిటి నొప్పుల ఆడమనిషి, పోలీస్ స్టేషన్‌కు పోయే పెద్దమనిషి, అందరూ నా మీదే. దండారి రోజుల్లో గుస్సాడీ నెమలీకల టోపీలను ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారు, ఒక్క ఈక వంగనిచ్చేవారు కాదు. నాగోబా జాతరకు మెస్రం వాళ్లు గోదారి నీళ్ల కోసం కాలినడకనే పోతారు. మిగతా జనానికి మాత్రం కేస్లాపూర్ దాకా జీపులే దిక్కు. ఆ పదహారేళ్లలో నాకు తెలుగు, గోండి, మరాఠీ, ఉర్దూ నాలుగూ పట్టుబడ్డాయి. తిట్లయితే ఇంకా ముందే.

నా చావు సంగతి కూడా చెప్పాలి. ఘాటు ఎక్కేటప్పుడు బండికి పికప్ చాలడం లేదని మా ఓనరు ఒక మెకానిక్ దగ్గర పంపు స్క్రూ తిప్పించాడు. డీజిలు ఎక్కువ వచ్చింది. గాలి మాత్రం అంతే వచ్చింది, నాకు టర్బో లేదు కదా. కాలని డీజిలంతా నల్లటి పొగై వెనక సీటు వాళ్ల మొహాన కొట్టేది. బండి గట్టిగానే లాగేది, ఓనరు సంబరపడ్డాడు. నా ఒళ్లు మాత్రం కాలిపోయేది. 2011 ఎండాకాలంలో రేడియేటరు లీకై, నీళ్లు చూసుకోక, మలుపులో హెడ్డు పగిలింది. మంచిర్యాలలో ఇంజన్ దించారు. అక్కణ్నుంచి ఏ తూకాల మీద ఎన్ని చేతులు మారానో గుర్తులేదు, చివరికి హైదరాబాద్ ఆటోనగర్‌లో ల్యాబు వాళ్ల కంటపడ్డాను. పగిలిన హెడ్డును సరిగ్గా పగులు దగ్గరే కోశారు. పగులు పోయింది, లోపలి అరలు బయటపడ్డాయి.

ఇక చదువు. ప్రతి ఏడూ కొత్త పిల్లలు వస్తారు. ఆటోమొబైల్ బ్రాంచిలోకి ఇష్టపడి వచ్చేవాళ్లు కొందరు, కంప్యూటర్ సైన్స్ సీటు రాక వచ్చేవాళ్లు కొందరు. 1897లో డీజిల్ దొర ఆగ్స్‌బర్గ్‌లో తన ఇంజన్ నడిపించాడని నోటుబుక్కులో రాసుకుంటారు. ఫ్లైవీలు మీద సుద్దతో గీతలు గీసి, వాల్వు ఎన్ని డిగ్రీల దగ్గర తెరుచుకుందో కొలుస్తారు. బయట షెడ్డులో కొందరు పీథంపూర్ బాజా పోటీకి పైపులు వెల్డింగు చేస్తుంటారు. వాళ్ల ఒంటి సీటు బండి రాళ్ల మీద, బురదలో పరిగెత్తాలట. మా దారుల మీద తిప్పి చూసుకుంటే పోటీ ఖర్చు తప్పేది. నా స్టాండుకు ఆనుకుని జావా ప్రశ్నలు బట్టీపట్టినవాళ్లనూ చూశాను. తప్పని అనను, ఉద్యోగాలు అటే ఉన్నాయి. రెండేళ్ల కిందట నా పక్కన బ్యాటరీతో నడిచే మోటారు బెంచి ఒకటి పెట్టారు. దానికి పొగ లేదు, దగ్గు లేదు. మాకు మాటల్లేవు.

2022లో చేరిన పిల్లల్లో ఒక అమ్మాయి ఉంది. హ్యాండిలు తిప్పమంటే అందరూ పిస్టన్ల వంక చూస్తారు. ఈ పిల్ల మాత్రం వంగి, హెడ్డులో కోసిన చోట బయటపడ్డ చిన్న గుండ్రటి గదిని వేలితో తడిమింది. దాంట్లోకి పొడుచుకొచ్చిన సన్నటి ప్లగ్గును పట్టుకుని, పక్కనున్న పిల్లతో "ఇదేనే, మా బాపు జీపుల కాలిపోయేది" అంది. ఆ యాస వినగానే నా పాత నట్లన్నీ కదిలినట్టయింది. జైనూర్ దగ్గరి గూడెం పిల్ల. వాళ్ల నాన్న నడిపింది నన్ను కాదు, నడిపి ఉంటే ఆయన చెయ్యి నాకు తెలిసేది. నా తోబుట్టువుల్లో ఒకటయి ఉంటుంది.

ప్రాక్టికల్ పరీక్ష రోజు బయటి కాలేజీ నుంచి వచ్చిన సారు అదే ప్లగ్గు చూపించి ఇదేంటని అడిగాడు. "హీటర్ ప్లగ్గు సార్" అంది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు, పుస్తకంలో గ్లో ప్లగ్ అని ఉంటుంది. సారు నవ్వలేదు, ఎందుకుంటుందో చెప్పమన్నాడు. చెప్పింది. డీజిలుకు నిప్పు ముట్టించే స్పార్కు ప్లగ్గు ఉండదు. గాలినే ఇరవై వంతుల్లో ఒక వంతుకు నొక్కితే అది ఐదు వందల డిగ్రీలు దాటి కాగుతుంది, అప్పుడు చిమ్మిన డీజిలు తనంతట తానే అంటుకుంటుంది. ఈ ఇంజన్‌లో డీజిలు నేరుగా పిస్టన్ మీద పడదు, ముందు ఈ చిన్న గదిలో పడుతుంది. గది గోడలు చల్లగా ఉంటే గాలి వేడిని అవే తాగేస్తాయి. అందుకే ముందుగా ప్లగ్గుతో గదిని వేడి చేయాలి.

"చల్లగా అంటే ఎంత చల్లగా?" అన్నాడు సారు.

"మా దిక్కు సంక్రాంతి ముందు ఐదు డిగ్రీలకు పడిపోతది సార్. ప్లగ్గులు కాలిపోతే సెల్ఫ్ ఎంత కొట్టినా తెల్లపొగే. ఆశ్రమ పాఠశాలకు పోయే పిల్లలందరం దిగి నూకేటోళ్లం. బండి కదిలినంక సెకండ్ గేర్ల వేసి క్లచ్ ఇడుస్తుండె."

"తోస్తే ఎందుకు స్టార్టవుతుంది మరి?"

ఆ పిల్ల ఒక్క నిమిషం ఆగింది. హ్యాండిలు మెల్లగా తిప్పింది, తర్వాత గబగబా తిప్పింది. మెల్లగా తిప్పితే నొక్కిన గాలి రింగుల సందుల్లోంచి జారిపోతుందనీ, వేడి గోడల్లోకి దిగిపోయే తీరిక దొరుకుతుందనీ, వేగంగా తిప్పితే రెండింటికీ వ్యవధి ఉండదనీ చెప్పింది. బలం తగ్గిన బ్యాటరీ చేయలేని పనిని పదిమంది పిల్లలు చేశారన్నమాట. సారు మార్కుల కాగితం వైపు తిరిగాడు. ఎన్ని వేశాడో నాకు కనబడలేదు, కోసింది రెండో పక్క.

అందరూ వెళ్లిపోయాక, బ్యాగు కోసం తిరిగొచ్చినప్పుడు, ఆ పిల్ల నా స్టాండు మీద మోచెయ్యి ఆనించి ఇంటికి ఫోన్ చేసింది. గోండిలో మాట్లాడింది. ప్లగ్గు, గది, గాలి, గోడలు, అన్నీ మళ్లీ మొదటినుంచి చెప్పింది. జీపు పొద్దున ఎందుకు లేవకపోయేదో తనకు ఇప్పుడు తెలిసిందని చెప్పింది. స్పీకరులోంచి వాళ్ల నాన్న నవ్వు వినబడింది.

"నాకెప్పుడో ఎరుకే బిడ్డా. రాత్రిపూట బండిని డౌన్ల ఊకెనే పెట్టిన్నా?"