శ్రుతికి చప్పట్లు

కచేరీకి పోయి కాలమునే దాటివచ్చిన మొట్టమొదటి శ్రోత మన భాగవతములోనే యున్నాడు. కుశస్థలి నేలిన కకుద్మి యను రాజు, తన కూతురు రేవతికి తగిన వరుడెవ్వడో చెప్పుమని యడుగుటకై ఆ పిల్లను వెంటబెట్టుకొని బ్రహ్మలోకమునకు పోగా, ఆ వేళకు అక్కడ గంధర్వుల గానము జరుగుచుండెనట. పాట నడుమ లేచి పెండ్లి ప్రస్తావన చేయుట మర్యాద కాదని ఆ పెద్దమనిషి ముగియువరకు ఓపికపట్టి, పిమ్మట తాను మనసులో అనుకొన్న వరుల పేర్లు విన్నవింపగా, బ్రహ్మ నవ్వి, నీవు పాట విన్న ఈ కాసేపటిలో భూలోకమున 27 చతుర్యుగములు గడచిపోయినవి, నీవు చెప్పిన వరులే కాదు, వారి మునిమనుమల పేర్లు కూడ ఇప్పుడెవ్వరికిని జ్ఞాపకము లేవు పొమ్మనెనట. తుదకు ఆ పిల్లకు బలరామునంతటివాడు మగడుగా దొరకినాడు గనుక కథ మంగళాంతమే. కాని ఇందువలన నాకు బోధపడిన నీతి వేరు. కచేరీ యనునది కాలమును మ్రింగును గనుక, ఏ కచేరీకి పోవలెనో కూర్చుండకమునుపే నిర్ణయించుకొనవలెను.

ఈ నిర్ణయము చేయవలసిన అగత్యము నాకు మా మేనల్లుని మూలమున కలిగినది. వాడు గిటారు నేర్చుచున్నవాడు; నేను వినుట నేర్చుచున్నవాడను. ఒకనాటి సాయంకాలము వాడు తీగలు సవరించుకొనుచు, "మామయ్యా, టైమ్ మెషీన్ దొరికి, ఒక్కటంటే ఒక్క పాత రాక్ కచేరీకి వెళ్ళి రావచ్చంటే, దేనికి వెళ్తావు?" అని యడిగెను. త్యాగరాజ ఆరాధనోత్సవములలో ముందువరుస కుర్చీకై పోరాడిన నన్ను ఇట్టి ప్రశ్న యడుగుట అన్యాయమని పాఠకులు తలపవచ్చును గాని, విద్యార్థిదశలో వసతిగృహమున నా గదిలోని మిత్రుని టేప్ రికార్డరు దయవలన, ఇష్టమున్నను లేకున్నను, బీటిల్సు మొదలు హెండ్రిక్స్ వరకు నేను వినని రాక్ గానము లేదు. కాబట్టి ప్రశ్నను గంభీరముగనే స్వీకరించితిని.

మొదట స్ఫురించినది వుడ్‌స్టాక్. 1969 ఆగస్టు 15న న్యూయార్క్ రాష్ట్రమున బెతెల్ అను పల్లెపట్టులో, మాక్స్ యాస్గర్ అను పాడిరైతు పొలములో ఆరంభమైన ఆ ఉత్సవమునకు 4,00,000 మందికి పైగా వచ్చిరి. కంచె కట్టుట పూర్తికాకమునుపే జనము వచ్చిపడుటచేత, టిక్కెట్టు కొన్నవాడును కొననివాడును ఒకే బురదలో కూర్చుండి, ఏ తత్త్వవేత్తయు సాధింపలేని సమానత్వమును అనాయాసముగ సాధించిరి. మూడు దినములకని తలపెట్టిన వేడుక నాలుగవనాటి ఉదయము దాక సాగి, అందరికంటె ఘనుడని చిట్టచివర నిలిపిన జిమి హెండ్రిక్స్ సోమవారము ప్రొద్దున వేదిక యెక్కునప్పటికి, జనములో అధికభాగము ఇండ్లకు మరలిపోయెను. తొలిరాత్రి వానలో సితారు వాయించిన రవిశంకర్, ఆ బురదజనమును చూచినపుడు తనకు మన దేశపు మడుగులలో మునిగియుండు గేదెలు జ్ఞప్తికి వచ్చినవని తరువాత చెప్పుకొనెను. ఇదంతయు నేను ఉత్సాహముతో వర్ణించుచుండగా మా ఆవిడ వంటింటినుండి, "అక్కడ మరుగుదొడ్లు ఎన్ని?" అని యడిగెను. 600 అని మేనల్లుడు ఫోను చూచి చెప్పెను. ఆమె ఒక్క క్షణము లెక్కవేసి, "ఒక్కోదానికి ఆరువందల అరవై ఆరుమంది. వరసలో మీ వంతు వచ్చేసరికి ఆ హెండ్రిక్సు కూడా ఇంటికి వెళ్ళిపోతాడు" అనెను. వుడ్‌స్టాక్ ప్రస్తావన అంతటితో ముగిసినది.

రెండవది షియా స్టేడియమ్. 1965 ఆగస్టులో న్యూయార్కునందలి ఆ క్రీడాస్థలమున బీటిల్సు పాడినపుడు 55,000 మందికి పైగా కూడిరి. కూడి, పాట మొదలైనది మొదలు ముగియువరకు కేకలు వేసిరి. ఆ కేకలలో గాయకుల పాట శ్రోతలకు వినబడకపోవుటయే కాదు, ఒకరి పాట ఒకరికి వినబడక గాయకులే తికమకపడిరి. ఇంతమంది సొమ్ము చెల్లించి వచ్చి, ఒకరి అరపులు మరియొకరు విని తృప్తిగా ఇంటికి పోయిన సందర్భము చట్టసభలకు వెలుపల మరియొకటి కానరాదు. దీనికై కాలయంత్ర మెక్కనక్కరలేదు. మా వీధిలో క్రికెట్టు ఆట ముగిసిన రాత్రి గవాక్షము తెరచినచో చాలును.

మూడవది నన్ను నిజముగనే ఊగించినది. 1969 జనవరి 30న లండనులోని సెవిల్ రో వీధిలో, తమ కార్యాలయపు మేడ పైకప్పుమీద, బీటిల్సు ఎవ్వరికిని చెప్పకుండ మధ్యాహ్న భోజనవేళ 42 నిమిషములు పాడిరి. వారు జనుల యెదుట కలిసి పాడుట అదియే కడసారి. టిక్కెట్టు లేదు, ఉపన్యాసము లేదు, వందన సమర్పణ లేదు. ఆ వీధి సూట్లు కుట్టు దర్జీలకు ప్రసిద్ధము; ఇరుగుపొరుగువారు గోలకు విసుగుకొని ఫిర్యాదు చేయగా పోలీసులు మెట్లెక్కి వచ్చిరి. ఇన్ని సుగుణములున్న కచేరీని ఏల వదలితిననిన, పైకప్పుమీది పాట క్రింది వీధిలో నిలుచున్నవానికి వినబడునే గాని కనబడదు. కనబడవలెనన్న ఎదుటి మేడ ఎక్కవలెను. ఎక్కినచో జనవరి మాసపు లండను గాలిని భరింపవలెను. ఆ గాలికి తాళలేకయే గదా జాన్ లెనన్ తనకు కాబోవు భార్య బొచ్చుకోటును, రింగో స్టార్ తన భార్య ఎర్ర వానకోటును తొడుగుకొని వాయించిరి! నేను మా ఆవిడ కాశ్మీరు శాలువ యడిగితిని. ఆమె ఇయ్యలేదు.

ఇట్లు మూడింటిని త్రోసివేసిన పిదప, నా మనస్సు ఏ శంకయు లేక నిలిచినది 1971 ఆగస్టు 1, ఆదివారము, న్యూయార్కు నగరమున మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగిన బంగ్లాదేశ్ కచేరీ వద్ద. 1970 నవంబరులో తుపాను వచ్చి తూర్పు బెంగాలును తుడిచిపెట్టగా, మరుచటి మార్చిలో యుద్ధము వచ్చి మిగిలినవారిని తరిమివేయగా, లక్షల కొలది శరణార్థులు మన సరిహద్దు దాటి వచ్చిరి. రవిశంకరు పూర్వుల ఊరు ఆ వైపుదే. అలీ అక్బర్ ఖాన్ పుట్టిన గడ్డ అదే. ఆ యిరువురికిని గురువైన అల్లాఉద్దీన్ ఖాన్ జన్మభూమియు అదే. రవిశంకర్ తన బాధను, మునుపటి బీటిల్సులో ఒకడును తనకు మిత్రుడునైన జార్జి హారిసన్‌తో చెప్పుకొనగా, ఆయన కొద్ది వారములలోనే మధ్యాహ్నము ఒకటి, రాత్రి ఒకటి, రెండు ఆటలు ఏర్పాటుచేసెను. రెంటికిని కలిపి 40,000 మంది వచ్చిరి. బాబ్ డిలాన్ వచ్చునో రాడో కడనిమిషము వరకు తెలియక, హారిసన్ గిటారుకు అంటించుకొన్న పాటల పట్టికలో ఆయన పేరు ప్రక్కన ప్రశ్నార్థకము పెట్టుకొనెనట. ఆహ్వానపత్రికమీద ముఖ్య అతిథి పేరు అచ్చువేయించి, ఆయన కారు మలుపు తిరుగువరకు ప్రాణములు అరచేత పెట్టుకొన్న ప్రతి సభాకార్యదర్శియు హారిసన్ వేదనను గ్రహింపగలడు.

అయితే నేను పోదలచినది డిలాన్ కొరకు కాదు. ఆ కచేరీలో మొదటి అంకము మనవారిది: రవిశంకర్ సితారు, అలీ అక్బర్ ఖాన్ సరోద్, అల్లారఖా తబలా, కమలా చక్రవర్తి తంబూరా. ఇది తమ సంగీతముకంటె గంభీరమైనది, కొంచెము ఓపికతో వినుడని హారిసన్ ముందుగా మనవి చేసెను. వాద్యము సాగునంతసేపు పొగ త్రాగవలదని రవిశంకర్ కోరెను. పిమ్మట విద్వాంసులు కన్నులు సగము మూసి, బిరడాలు త్రిప్పుచు, తీగలు మీటుచు, తబలా అంచులపై సుత్తితో తట్టుచు నిమిషమున్నర ప్రాంతము శ్రుతి చేసికొని ఆగిరి. ఆగగానే సభ యావత్తు చప్పట్లతో దద్దరిల్లెను. శ్రుతి చేయుటయే మీకింత నచ్చినచో వాయించుట ఇంకను ఎక్కువ నచ్చునని ఆశించుచున్నానని రవిశంకర్ మృదువుగా వందనము చెప్పి, అప్పుడు వాద్యము మొదలుపెట్టెను.

ఈ కథను అర్ధశతాబ్దికి పైగా మనవారు చెప్పుకొని నవ్వుచున్నారు. నేనును నవ్వితిని. కాని వయస్సు ముదిరినకొలది ఆ చప్పట్లపై నాకు గౌరవము పెరుగుచున్నది. ఆలోచించి చూడుడు: సితారుకు ఇరువదికి అటునిటుగా తంత్రులు, సరోద్‌కును తక్కువ లేవు, వేదికమీది దీపముల వేడిమికి అవి యన్నియు అలుగుచుండును. వానిని ఒక్కొక్కటిగ బుజ్జగించునపుడు పుట్టు నాదము, ఎన్నడును ఎరుగనివానికి, ఆలాపనగాక మరేమి తోచును? గంభీరమైనదనిరి, ఓపికపట్టుడనిరి, పొగ మానుడనిరి. వారు గంభీరముగ కూర్చుండి, ఓపికపట్టి, పొగ మానిరి. ముగిసినదనుకొన్నపుడు మర్యాదగా చప్పట్లు కొట్టిరి. అతిథికి ఇంతకంటె నియమనిష్ఠలు ఎక్కడినుండి వచ్చును?

ఇక మన సభల వైపు చూతము. శ్రీరామనవమి పందిరిలో తంబూరా మీటుట మొదలైనది మొదలు, మృదంగ విద్వాంసుడు ఎడమ మూతకు తడిపిన రవ్వ అద్ది, కుడిమూత అంచును రాతితో తట్టి సరిచేసికొనువరకు, శ్రోతలమైన మేము స్థలముల ధరలు, పెండ్లిసంబంధములు, మోకాటినొప్పులు మాటలాడుకొందుము. శ్రుతి యనునది మా సంభాషణకు దేవుడిచ్చిన వ్యవధి. ప్రధాన కీర్తన ముగిసి, ఏండ్ల తరబడి సాధన చేసిన మృదంగ విద్వాంసునికి తని ఆవర్తనము దక్కు ఘడియ వచ్చునప్పటికి, తాళము తెలిసిన పండితులు మొదట, తెలియని పామరులు తరువాత, వరుసగా లేచి కాంటీనువైపు నడచెదరు. ఆ విద్వాంసుడు ఖాళీ కుర్చీలకు మోరా వినిపించి, తిరిగివచ్చువారి చేతులలోని కాఫీ పరిమళమును పారితోషికముగ గ్రహించును. మంగళము ఎత్తుకొనునప్పటికి సగముమంది చెప్పులు వెదకుకొనుచుందురు. శ్రుతికే చప్పట్లు కొట్టిన అజ్ఞానులు ఒకవైపు, తనికి లేచిపోవు ప్రాజ్ఞులు మరియొకవైపు: రసికులెవరో తేల్చుటకు మధ్యవర్తి యెందుకు?

అజ్ఞానుల సొమ్ము కూడ ఘనమైనదే. ఆ రెండు ఆటల టిక్కెట్ల వలన 2,43,418 డాలర్ల 50 సెంట్లు యునిసెఫ్‌కు చేరినవి. ఆ యాభై సెంట్లను సైతము లెక్కచూపిన నిజాయితీ ఏ ఉత్సవసంఘపు కోశాధికారికైనను ఆదర్శము. తరువాత వెలువడిన మూడు రికార్డుల సంపుటికి గ్రామీ బహుమానము వచ్చెను. కాని ఏర్పాట్లు ముందుగా ఆ సంస్థ పేర జరుగలేదన్న కారణమున, దాని ధనములో పెద్దభాగము పన్నుల వ్యవహారమున చిక్కుకొని ఏండ్ల తరబడి కదలకుండెను. దానము చేయుటకు దయ యొక్కటే చాలదు, దరఖాస్తు కూడ కావలెనని హారిసన్ ఆలస్యముగ తెలిసికొనెను. మన కార్యాలయములలో పనిచేసిన గుమాస్తా ఒక్కడు ఆయన ప్రక్కన నుండినచో మొదటనే చెప్పియుండును.

కాబట్టి నేను ఆ సభకు పోయెదను. పోయి, ఆ శ్రుతి ముగిసినపుడు ఏమి చేయుదునన్నది మేనల్లుని సందేహము: "నీకు తెలుసు కదా, చప్పట్లు కొట్టకుండా కూర్చుంటావా?" ఇది ధర్మసూక్ష్మమే. అన్ని వేలమందిలో, ఇది ఇంకను శ్రుతియే సుమా యని తెలిసిన నేను చేతులు కట్టుకొని, ప్రక్కవానివైపు జాలిగా చూచి, పెదవి విరిచి కూర్చుండవచ్చును; మన సభలలో విద్వత్తును నిరూపించుకొను మార్గమదియే. లేదా, తెలిసియు, అందరితోపాటు చప్పట్లు కొట్టవచ్చును. నేను కొట్టెదను. ఇన్నేండ్లుగా ఎన్ని పందిళ్ళలో ఎందరు విద్వాంసులు ఎన్ని తంత్రులను నా మాటల నడుమ శ్రుతి చేసికొనిరో, వారందరికిని చెల్లింపవలసిన బాకీ ఆ ఒక్క నిమిషమున తీర్చుకొనెదను.

ఇంతలో మా ఆవిడ వచ్చి, "శ్రుతికి చప్పట్లు కొట్టండి, బాగానే ఉంది. ఆ డిలాన్ పాడేసరికి మాత్రం మీరు కాంటీన్లో ఉంటారు. మీ సంగతి నాకు తెలియదా?" అనెను. మేనల్లుడు గిటారు దించి నా ముఖము చూచెను. వాని దృష్టిలో డిలాన్ పాడుచుండగా కాఫీకి లేచుట బ్రహ్మహత్యకు తక్కువ కాదు. సభాసంస్కారము ఒక్క ప్రయాణముతో పోవునది కాదు గనుక కాదని ప్రమాణము చేయుటకు నాకు ధైర్యము చాలలేదు. అందుచేత యోచించి రెండు ఆటలకును టిక్కెట్లు కొనదలచితిని. మధ్యాహ్నపు ఆటలో డిలాన్ తప్పిపోయినను రాత్రి ఆటలో దొరకును. అప్పటికి కాఫీ ఎట్లును త్రాగియే యుందును.