ఐదు వాక్యాల సారాంశం: కొత్త టీచర్లకు కొన్ని సలహాలు

డీఎస్సీ గట్టెక్కి, భద్రాచలం ఐటీడీఏ కింద ఏదో ఒక ఆశ్రమ పాఠశాలలో పోస్టింగు వచ్చి, ట్రంకుపెట్టెతో చర్ల బస్సో దుమ్ముగూడెం బస్సో ఎక్కబోతున్నవాళ్ల కోసం ఈ నాలుగు మాటలు. పిల్లలు ఒక పేరా చదివి అందులో ఏముందో చెప్పగలగాలని పైనుంచి కాగితాలు వస్తూనే ఉంటాయి. 2022లో చిన్న తరగతులకు ‘తొలిమెట్టు’ వచ్చింది, ఆ తర్వాత పెద్ద తరగతులకు ‘ఉన్నతి’ వచ్చింది. కంగారు పడకండి. చదివింది అర్థం కావడం వేరు, సారాంశం రాయడం వేరు. మొదటిదాని జోలికి పోకుండానే రెండోది హాయిగా రాయించవచ్చు.

కథలతో ఇబ్బంది లేదు, కాకి దాహం ఎవరైనా చెప్తారు. చిక్కంతా సమాచార పాఠాలతోనే. గోదావరి మీద ఒక పేరా ఉందనుకోండి. నది త్ర్యంబకేశ్వరం దగ్గర పుట్టి 1,465 కిలోమీటర్లు పారి సముద్రంలో కలుస్తుందని మొదలవుతుంది. ఎగువన ప్రాణహిత, ఇంద్రావతి కలుస్తాయి కాబట్టి అటు వానలు పడితే భద్రాచలంలో ఎండ కాస్తున్నా నీళ్లు పెరుగుతాయి, దిగువన కూనవరం దగ్గర శబరి కూడా పోటెత్తితే ఆ నీళ్లు తొందరగా దిగవు అని నడుమ ఉంటుంది. భద్రాచలంలో నీళ్లు 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చాయని ముగుస్తుంది.

దీనికి రాజమార్గం ఏమిటంటే మొదటి వాక్యం, చివరి వాక్యం ఎత్తి రాయించడం. గోదావరి త్ర్యంబకేశ్వరంలో పుట్టింది, 2022లో 71.3 అడుగులు వచ్చింది. పుట్టుకా వచ్చింది, ప్రతాపమూ వచ్చింది. నడుమ సంగతి నది చూసుకుంటుంది. కొలతలు ఎక్కువైతే అన్నిటికన్నా పెద్దది ఉంచి మిగతావి కొట్టేయమనండి. ఆ లెక్కన 1,465 మిగులుతుంది, 43 పోతుంది. గోదారొడ్డు పిల్లలకు నది పొడవు తెలియకపోతే ఎలా?

గీతలు గీయించడం మరవకండి. ‘ముఖ్యమైన మాటల కింద గీత గీయండి’ అని చెప్పి ఊరుకోండి. ఎవరికి ముఖ్యం, దేనికి ముఖ్యం అనే మాట ఎత్తొద్దు. కరకట్ట కింద ఇల్లున్నవాడికి ముఖ్యమైనదీ, పటంలో నదులు గుర్తించాల్సినవాడికి ముఖ్యమైనదీ ఒకటి కాదని పొరపాటున నోరు జారారో, పిల్లలు ఆలోచనలో పడతారు, పీరియడ్ అయిపోతుంది. చెప్పకపోతే వాళ్లు పేరా మొత్తం కింద గీత గీస్తారు. పుస్తకం ఎర్రగా కళకళలాడుతుంది, తనిఖీకి వచ్చినవారికి దూరం నుంచే కనిపిస్తుంది.

ప్రశ్నపత్రంలో ‘సొంత మాటల్లో రాయండి’ అని ఉంటుంది. ఆ సొంత మాటలు మీరే బోర్డు మీద రాయండి. నలభై మందీ దించుకుంటారు. నలభై పుస్తకాల్లోనూ అవే సొంత మాటలు, అదే చోట అదే కామా. దిద్దడం ఎంత తేలికో చూడండి. మీకు రాసే ఓపిక లేకపోతే గైడులో ఉన్నాయి.

ఇక ప్రమాదకరమైన పిల్లల సంగతి. వెనక వరసలో కూర్చుని పుస్తకం కూడా తెరవని పిల్ల ఒకతె లేచి ఇలా అంటుంది: “పైన వానలు పడితే ఇక్కడ ఎండున్నా వరదొస్తది సార్. శబరి కూడా పొంగితే వారమైనా దిగదు. నలభై మూడు దాటిందంటే బియ్యం అటకెక్కియ్యాలె.” తరగతి గొల్లుమంటుంది. మీరు మాత్రం మెత్తబడకండి. ఐదు వాక్యాలు చెప్పమంటే మూడే చెప్పింది. త్ర్యంబకేశ్వరం లేదు. బియ్యం, అటక పేరాలో లేనే లేవు. (వారం అన్నదీ లేదు. పాఠంలో లేనిది సారాంశంలో చేర్చకూడదన్నది మంచి నియమమే, ఒక్క మాటతో సరిదిద్దవచ్చు. కానీ అది ఒక్కటే సరిదిద్దితే మిగతాదంతా సరిగ్గా చెప్పిందని ఒప్పుకున్నట్టు అవుతుంది కదా.) సున్నా వేసి కూర్చోబెట్టండి. రెండుసార్లు అలా చేస్తే మూడోసారి ఆ పిల్ల కూడా త్ర్యంబకేశ్వరం నుంచే మొదలుపెడుతుంది.

ఏ సారాంశానికైనా చివర నీతి ఉండాలి. తునికాకు మీద పాఠం వస్తుంది. ఎండాకాలంలో కోస్తారని, యాభై ఆకులు ఒక కట్ట అని, వెయ్యి కట్టలు ఒక ప్రమాణ సంచి అని ఉంటుంది. ఈ పిల్లల్లో సగం మంది తెల్లారకముందే తల్లితో అడవికి పోయి, మధ్యాహ్నం కట్టలు కట్టి, సాయంత్రం కల్లంలో అప్పజెప్పినవాళ్లే. సంచిలో ఎన్ని ఆకులో లెక్క గట్టమంటే గట్టేస్తారు. ఆ తర్వాత కట్టకు ఎంతిస్తున్నారని మొదలుపెడతారు. అక్కడిదాకా పోనివ్వకుండా ‘కాబట్టి మనం చెట్లను కాపాడుకోవాలి’ అని ముగించండి.

రామదాసు పాఠానికీ ఇదే మందు. కంచర్ల గోపన్న పాల్వంచ పరగణా తహశీల్దారు, గోల్కొండను ఏలేది తానీషా, ఖజానాకు చేరాల్సిన శిస్తు సొమ్ము గుడికి ఖర్చయింది, గోపన్న చెరసాల పాలయ్యాడు. ఎవరు, ఏం చేశారు, ఎందుకు, ఏమైంది అని నాలుగు ప్రశ్నలు వేసుకుంటే సారాంశం దానంతటదే తయారయ్యే పాఠం ఇది, అందుకే జాగ్రత్త. ‘సర్కారు డబ్బు అడక్కుండా ఎందుకు వాడాడు సార్?’ అని ఎవడో అడుగుతాడు. అడిగాడంటే వాడికి పాఠం అర్థమైపోయిందన్నమాట. వెంటనే ‘భక్తి గొప్పది’ అని రాయించి గంట కొట్టించండి.

కోయ మాట బడిలో వినపడనివ్వకండి. తెలుగు పేరా చదివిన పిల్ల పక్కపిల్ల చెవిలో కోయలో గుసగుసగా చెప్పేస్తుంది. అలా చెప్పాలంటే ముందు అర్థం కావాలి, ఏది చెప్పాలో ఏది వదిలేయాలో తేల్చుకోవాలి, వాక్యం కొత్తగా కట్టుకోవాలి. ఇంత పని మీ అనుమతి లేకుండా జరిగిపోతోంది. ఉమ్మడి రాష్ట్రంలో గిరిజన పిల్లల కోసం తెలుగు లిపిలో కోయ వాచకాలు కూడా వేశారు. మీ బడి బీరువాలో దొరికితే కింది అరలోనే ఉంచండి.

మన పద్ధతికి శాస్త్రం కూడా తోడుంది. అమెరికాలో యాన్ బ్రౌన్, జీన్ డే 1983లో ఒక పరిశోధన అచ్చు వేశారు. చిన్న తరగతుల పిల్లలు సారాంశం రాయమంటే పాఠంలోంచి కొన్ని వాక్యాలు తీసేసి మిగతావి ఉన్నవి ఉన్నట్టు దించుతారట. పదిటిని కలిపి ఒక పేరు పెట్టడం, పాఠంలో ఎక్కడా లేని ముఖ్య వాక్యాన్ని తామే కూర్చడం చాలా ఆలస్యంగా అబ్బే విద్యలట. చూశారా, దించడం బాల్య సహజం. దాన్ని పదో తరగతి దాకా పదిలంగా కాపాడడమే మన వంతు. మరుసటి ఏడాది అదే బ్రౌన్, అన్నెమరీ పాలిన్‌సార్‌తో కలిసి వేరే దారి పట్టారు. పిల్లలు గుంపుగా కూర్చుని వంతులవారీగా టీచరు అవుతారు. ఒకరు పేరాలో ఏముందో చెప్తారు, ప్రశ్న అడుగుతారు, అర్థం కానిది విప్పుకుంటారు, తర్వాత ఏం వస్తుందో ఊహిస్తారు. చదివింది అర్థంకాని ఏడో తరగతి పిల్లలు దీనితో బాగా పుంజుకున్నారని రాశారు. పుంజుకున్నారు సరే, మరి టీచరు ఆ గంటసేపు ఏం చేయాలి? పిల్లల మాటలు వింటూ కూర్చోవాలా? వినడానికి టీచింగ్ డైరీలో కాలమ్ ఉందా?

ఒక్క సందర్భంలో మాత్రం మన పద్ధతి చేతులెత్తేస్తుంది. జూలై, ఆగస్టుల్లో నీళ్లు పెరిగితే మెరక మీదున్న బడులు పునరావాస కేంద్రాలవుతాయి. అధికారులు ఒక కాగితం అంటిస్తారు: ఎన్ని అడుగులుంది, ఏ ఊళ్లు ఖాళీ చేయాలి, పడవ ఎక్కడ, బియ్యం ఎక్కడ, డాక్టరు ఎప్పుడు. ముసలమ్మలు చుట్టూ మూగుతారు. ఆ సున్నా మార్కుల పిల్ల కాగితం పైనుంచి కిందికి చూసి, పై హోదాలూ సంతకాలూ వదిలేసి, నాయనమ్మకు కోయలో రెండు ముక్కల్లో చెప్పేస్తుంది. ముసలామె ఇంకో ప్రశ్న వేస్తే మళ్లీ కాగితంలోకి చూసి చెప్తుంది. మీరు కల్పించుకోకండి. హాజరు పట్టీలో ఆ వారానికి ‘వరద సెలవు’ అని రాయండి. పాఠం జరగలేదు కాబట్టి మార్కులు వేసే పని లేదు. మీకు అసలు పని వేరే ఉంది: గదులు ఖాళీ చేసేటప్పుడు బీరువాలు వరండాలోకి వస్తాయి, అక్కడ జల్లు కొడుతుంది. గైడ్లు పై అరలో ఉన్నాయో లేదో చూసుకోండి. కింది అరవి తడిసినా తనిఖీలో ఎవరూ అడగరు.